‘ఓన్లీ’ ఎక్కడ పెట్టాలి? ఇంగ్లీష్ రాతలో క్రియ పక్కన చేరే చిన్న మాటల సంగతి

ఇంగ్లీష్ రాతప్రతులు దిద్దడం నా వృత్తి. పందొమ్మిదేళ్ళుగా ఇదే పని. రిపోర్టులు, నియమావళులు, యంత్రాల మాన్యువల్స్, అప్పుడప్పుడు పరిశోధన వ్యాసాలు వస్తుంటాయి. వాటిలో ఎక్కువ భాగం తెలుగులో ఆలోచించి ఇంగ్లీష్‌లో రాసేవాళ్ళవి. స్పెల్లింగ్ తప్పుల్ని ఇప్పుడు సాఫ్ట్‌వేరే పట్టేస్తోంది. టెన్సులు, ఆర్టికల్స్ కూడా చాలావరకు సరిచేస్తోంది. చోటు తప్పిన ‘ఓన్లీ’ని మాత్రం అది తరచూ వదిలేస్తుంది. చోటు తప్పినా ఆ వాక్యంలో వ్యాకరణ దోషం ఏమీ ఉండదు కదా. అర్థం మాత్రం వేరే అయిపోతుంది.

ఈ విషయం మీద నాకింత పట్టింపు రావడానికి ఒక కారణం ఉంది. ఉద్యోగంలో చేరిన తొలి ఏడాది, ఒక వర్క్‌షాప్ వాళ్ళకి గోడ మీద పెట్టే సూచనలు తెలుగు నుంచి ఇంగ్లీష్‌లోకి మార్చి ఇచ్చాను. అందులో ఒక లైను ఇది: “శిక్షణ పొందినవారు మాత్రమే ఈ యంత్రాన్ని వాడాలి.” నేను రాసింది: “ట్రైన్డ్ స్టాఫ్ షుడ్ ఓన్లీ యూజ్ దిస్ మెషీన్.” క్రియకు ముందు ఓన్లీ పెడితే వినడానికి బావుంటుందని పెట్టేశాను. అచ్చయింది, గోడకెక్కింది. వారం తర్వాత అక్కణ్ణుంచి ఫోన్. తెలుగు రాని ఒక టెక్నీషియన్ అడిగాడట: “మేం ఈ మెషీన్ ఒక్కటే వాడాలా? పక్కనున్నవి ముట్టుకోకూడదా?” ఇంకొకతను వేరేలా అర్థం చేసుకున్నాడు, వాడటం వరకే మా పని, బాగుచేయడం మాది కాదు అని. శిక్షణ లేనివాళ్ళు దాని జోలికి పోకూడదన్న అసలు సంగతి ఇద్దరిలో ఒక్కరికీ అందలేదు. బోర్డు పెట్టిందే ఆ సంగతి చెప్పడానికి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎవరికైనా చెయ్యి నలిగి ఉంటే?

రాయాల్సింది “ఓన్లీ ట్రైన్డ్ స్టాఫ్ షుడ్ యూజ్ దిస్ మెషీన్” అని. మాటలన్నీ అవే, ఒక్కటి చోటు మారింది.

(ఇంగ్లీష్ వాక్యాల్ని ఇక్కడ తెలుగు లిపిలోనే ఇస్తున్నాను. ఒక్కొక్కటీ పైకి చదవండి. ఈ విషయం కంటికన్నా చెవికి తొందరగా అందుతుంది.)

మన ‘మాత్రమే’కి, వాళ్ళ ‘ఓన్లీ’కి తేడా

తెలుగులో ఈ ఇబ్బంది చాలా తక్కువ. ‘మాత్రమే’ ఏ మాటకు సంబంధించినదో ఆ మాట వెనకాలే వచ్చి నిలబడుతుంది. “రవి మాత్రమే లెక్కలు చూశాడు.” “రవి లెక్కలు మాత్రమే చూశాడు.” “రవి శుక్రవారం మాత్రమే లెక్కలు చూశాడు.” ఎవరికీ అనుమానం రాదు. క్రియనే పరిమితం చేయాలంటే క్రియ రూపాన్నే మార్చుకుంటాం: “చూడటం మాత్రమే చేశాడు”, “చూశాడంతే”, “చూశాడు గానీ దిద్దలేదు”.

ఇంగ్లీష్‌లో ఓన్లీకి ఒక అలవాటు చోటు ఉంది. అది దేని గురించినదైనా సరే, సహజంగా వెళ్ళి క్రియ దగ్గరే చేరుతుంది. మాట్లాడేటప్పుడు ఇంగ్లీష్ వాళ్ళు ఎక్కువగా అలాగే అంటారు. అక్కడ నిలబడి, తన కుడివైపున్న వాటిలో దేన్నైనా పట్టుకోగలదు. క్రియనూ పట్టుకోగలదు, కర్మనూ పట్టుకోగలదు, చివర్లో ఉన్న తేదీనీ పట్టుకోగలదు. ఎడమవైపున్న కర్తను మాత్రం పట్టుకోలేదు. నా బోర్డులో జరిగింది అదే: కర్తను పట్టుకోవాల్సిన మాటను కర్త దాటించి పెట్టాను.

ఒక్క వాక్యం తీసుకుని దగ్గరగా చూద్దాం.

“రవి ఓన్లీ చెక్డ్ ద టోటల్స్ ఆన్ ఫ్రైడే.”

ఇప్పుడు దీన్ని మూడుసార్లు పైకి చదవండి. మొదటిసారి ‘చెక్డ్’ని ఒత్తి పలకండి: రవి మొత్తాలు సరిచూశాడంతే, దిద్దలేదు. రెండోసారి ‘టోటల్స్’ని ఒత్తండి: మొత్తాలే చూశాడు, పేర్లు చూడలేదు. మూడోసారి ‘ఫ్రైడే’ని: శుక్రవారం దాకా చూడనేలేదు, లేదా శుక్రవారం తప్ప ఇంకో రోజు చూడలేదు. ఓన్లీ కదల్లేదు. గొంతే అర్థాన్ని తేల్చింది.

కాగితం మీద గొంతు ఉండదు. రాసేవాడి చెవిలో మోగే ఒత్తు చదివేవాడి చెవికి చేరదు. మాటలో ఒత్తు చేసే పనిని రాతలో చోటు చేయాలి. నేను దిద్దేటప్పుడు చూసేదంతా ఇదే. మిగిలినవన్నీ దీని నుంచి వచ్చేవే.

తోక పరీక్ష

నా దగ్గర నేర్చుకోవడానికి వచ్చే పిల్లలకి మొదటి రోజు ఇది చెబుతాను. వాక్యంలో ఓన్లీ కనబడగానే, వాక్యం చివర ‘నాట్’తో ఒక తోక తగిలించండి. ఇందాకటి వాక్యానికి మూడు తోకలు అతుకుతాయి: “నాట్ కరెక్టెడ్ దెమ్”, “నాట్ ద నేమ్స్”, “నాట్ ఆన్ థర్స్‌డే”. ఏ తోక మీ ఉద్దేశమో మీకు తెలుసు. విషయం తెలియని మనిషికి కూడా ఆ ఒక్క తోకే తడుతుందా? తడితే ఓన్లీని ఉన్నచోటే ఉంచేయండి. రెండు తోకలు తడితే, మీ ఉద్దేశంలో ఉన్న మాట ముందుకు దాన్ని జరపండి: “చెక్డ్ ఓన్లీ ద టోటల్స్”, లేదా “చెక్డ్ ద టోటల్స్ ఓన్లీ ఆన్ ఫ్రైడే”.

క్రియనే పరిమితం చేయాలనుకున్నప్పుడు చిక్కు. ఓన్లీ అప్పటికే క్రియ ముందే ఉంది, ఇంకెక్కడికీ జరపలేం. అప్పుడు తోకనే వాక్యంలో రాసేయండి: “రవి ఓన్లీ చెక్డ్ ద టోటల్స్, హి డిడ్ నాట్ కరెక్ట్ దెమ్.” ఐదు మాటలు పెరుగుతాయి, పెరగనివ్వండి. లేదంటే ‘మియర్లీ’ వాడొచ్చు. “మియర్లీ చెక్డ్” అనగానే చూపు క్రియ మీద పడుతుంది. కానీ దానిలో కాస్త చులకన ధ్వనిస్తుంది, ‘ఏదో చూశాడంతేలే’ అన్నట్టు. ఎవరి పని గురించి రాస్తున్నారో చూసుకుని వాడండి.

ఒకమ్మాయి ఈ పరీక్ష నేర్చుకుని, వారం రోజుల్లో ప్రతి ఓన్లీనీ క్రియ దగ్గర నుంచి లాగి కుడివైపు పెట్టడం మొదలుపెట్టింది. “మేడమ్, నియమం అంటే నియమమే కదా” అంది. కాదమ్మా అని కూర్చోబెట్టి చెప్పాల్సి వచ్చింది. ఓన్లీని తప్పకుండా దాని మాట పక్కనే పెట్టాలని పట్టుబట్టే పండితులు ఇంగ్లీష్‌లో ఎప్పటినుంచో ఉన్నారు. ఆ పట్టుదల మంచిది కాదని 1926లోనే ఇంగ్లీష్ నిఘంటుకారుడు హెన్రీ ఫౌలర్, ఏ మాట ఎలా వాడాలో చెప్పే తన వాడుక నిఘంటువులో గట్టిగా రాశాడు. ‘అతను వారం క్రితమే చనిపోయాడు’ అనే అర్థంలో “హి ఓన్లీ డైడ్ ఎ వీక్ ఎగో” అనడంలో తప్పేమీ లేదని ఆయన వాదన. నిజమే, ఆ వాక్యానికి ఇంకో తోక ఏం అతుకుతుంది? ‘చనిపోయాడంతే, ఇంకేమీ చేయలేదు’ అని ఎవరూ అనుకోరు. అనుమానానికి తావు లేనిచోట ఓన్లీని క్రియ పక్కనుంచి లాగేస్తే వాక్యం బిగుసుకుపోతుంది, చెవికి కృతకంగా తగులుతుంది. ఆ అమ్మాయికి నేను చెప్పింది ఇంతే: ఉత్తరంలో, కథలో, మామూలు వ్యాసంలో సహజమైన చోటే ఉంచు. నియమం, ఒప్పందం, మందు మోతాదు, యంత్రం, డబ్బు, ఈ ఐదింటి దగ్గర మాత్రం కనికరం చూపించకు.

సహాయక క్రియలు ఉన్నప్పుడు

ఓన్లీ క్రియ పక్కన చేరుతుంది సరే, క్రియే మూడు నాలుగు మాటలుగా ఉంటే ఎక్కడ దూరాలి? మనవాళ్ళు తడబడేది ఇక్కడే.

ఒంటరి క్రియ అయితే దాని ముందు: “షి ఓన్లీ రీడ్స్ ద సమ్మరీ.” ‘ఈజ్, ఆర్, వాజ్’ లాంటివే ప్రధాన క్రియలైతే వాటి తర్వాత: “దిస్ ఈజ్ ఓన్లీ ఎ డ్రాఫ్ట్.” సహాయక క్రియ ఉంటే దాని తర్వాత, అసలు క్రియకు ముందు: “షి హాజ్ ఓన్లీ రెడ్ ద సమ్మరీ”, “వి విల్ ఓన్లీ కన్సిడర్ కంప్లీట్ అప్లికేషన్స్.” సహాయక క్రియలు రెండు మూడు ఉంటే మొదటిదాని తర్వాత పెట్టడం మామూలు: “ద ఫైల్స్ మే ఓన్లీ హావ్ బీన్ మూవ్డ్”, అంటే ఫైళ్ళు పోలేదేమో, చోటు మారాయంతేనేమో. “మే హావ్ ఓన్లీ బీన్ మూవ్డ్” అన్నా తప్పు లేదు. ఒక్క సందర్భంలో మాత్రం బాగా కుడికి జరపాలి. అసలు క్రియకు ముందు ‘పార్ట్‌లీ’, ‘రీసెంట్లీ’ లాంటి మాట ఉండి, దాన్నే పరిమితం చేయాలనుకుంటే అక్కడికే తీసుకెళ్ళండి: “ద వర్క్ హాజ్ బీన్ ఓన్లీ పార్ట్‌లీ కంప్లీటెడ్.” పని కొంతే పూర్తయింది అని సూటిగా తెలుస్తుంది.

‘కెన్’, ‘కుడ్’ పక్కన ఓన్లీ చేరితే ఇంకో రంగు వస్తుంది. “వి కెన్ ఓన్లీ అపాలజైజ్” అంటే ‘క్షమించమని అడగడం తప్ప మేం చేయగలిగిందేమీ లేదు’. ఇది నిస్సహాయత చెప్పే నుడికారం. అనుమతి చెప్పాల్సినచోట ఈ జంట వాడితే అర్థం అటు ఒరిగిపోతుంది, జాగ్రత్త.

ఇక ‘మే ఓన్లీ’. నా దగ్గరికి వచ్చే నియమావళుల్లో ఎక్కువ చిక్కులు తెచ్చే జంట ఇదే. ఒక గ్రంథాలయ నియమం అనుకోండి:

“మెంబర్స్ మే ఓన్లీ బారో బుక్స్ ఆన్ సండేస్.”

ఆదివారం పుస్తకాలే తీసుకోవాలా, పత్రికలు తీసుకోకూడదా? తీసుకెళ్ళడమే కుదురుతుందా, తిరిగి ఇవ్వడం కుదరదా? లేక పుస్తకాలు ఆదివారమే ఇస్తారా? మూడు తోకలూ అతుకుతాయి. మూడోది మన ఉద్దేశం అనుకుని జరిపి చూద్దాం: “మెంబర్స్ మే బారో బుక్స్ ఓన్లీ ఆన్ సండేస్.” బాగుపడిందా? ఇంకోసారి చూడండి. ఓన్లీ ఇప్పుడు ‘బుక్స్’కీ ‘ఆన్ సండేస్’కీ మధ్య ఇరుక్కుంది. “బుక్స్ ఓన్లీ” అని ఎడమవైపు కలిపి చదివేవాళ్ళు ఉంటారు. నామవాచకం వెనకాల ఓన్లీ వచ్చి దాన్ని పట్టుకోవడం నోటీసుల ఇంగ్లీష్‌లో మామూలే, ‘లేడీస్ ఓన్లీ’ చూడలేదా? కాబట్టి ఇక్కడ చివరికి తోసేయడమే క్షేమం: “మెంబర్స్ మే బారో బుక్స్ ఆన్ సండేస్ ఓన్లీ.” వాక్యం చివర్లో, తేదీ లేదా చోటు వెనకాల పెట్టిన ఓన్లీ నియమాల భాషలో చెల్లుతుంది. వినసొంపుగా ఉండదు గానీ పని చేస్తుంది. సభ్యులకే పరిమితం చేయాలంటే మాత్రం వాక్యం మొదట్లోనే ఉండాలి: “ఓన్లీ మెంబర్స్ మే...”

‘నాట్’ పక్కన ఉంటే

ఇక్కడ అర్థం మారడం కాదు, తలకిందులే అవుతుంది.

“హి డిడ్ నాట్ జస్ట్ సైన్ ద లెటర్.” ఉత్తరం మీద సంతకం పెట్టి ఊరుకోలేదు, ఇంకేదో కూడా చేశాడు.

“హి జస్ట్ డిడ్ నాట్ సైన్ ద లెటర్.” ఎంత చెప్పినా సంతకం పెట్టనే లేదు.

మొదటిదాంట్లో సంతకం ఉంది, రెండోదాంట్లో లేదు. ‘జస్ట్’ ఒక్క అడుగు వెనక్కి వేసినందుకు ఇంత. సూత్రం చిన్నదే: వీటిలో ఎడమవైపున్నది కుడివైపున్నదాన్ని తన గుప్పిట్లో పెట్టుకుంటుంది. ‘నాట్ జస్ట్’ అంటే ‘ఊరికే... కాదు’. ‘జస్ట్ నాట్’ అంటే ‘అసలే... లేదు’.

‘ఈవెన్’తో మనవాళ్ళు చేసే పొరపాటు వేరు. “కనీసం తెరవను కూడా తెరవలేదు” అని మనసులో అనుకుని, “హి ఈవెన్ డిడ్ నాట్ ఓపెన్ ఇట్” అని రాస్తారు. “డిడ్ నాట్ ఈవెన్ ఓపెన్ ఇట్” అనాలి. ‘ఈవెన్’ ‘నాట్’ తర్వాత, ‘ఓపెన్’కి ముందు రావాలి. ఎందుకంటే ‘తెరవడం కూడా’ అన్నదే మన మాట, ‘లేకపోవడం కూడా’ అన్నది కాదు. తెలుగులో మీరు ‘కూడా’ని దేనికి తగిలించారో చూసుకోండి, ఇంగ్లీష్‌లో ‘ఈవెన్’ దాని ముందుకే పోతుంది. ‘కూడా’ వెనక, ‘ఈవెన్’ ముందు. ఇది ఒక్కటి గుర్తుంటే చాలు.

‘నాట్ ఓన్లీ... బట్ ఆల్సో’ గురించి ఒక్క మాట. రెండింటి తర్వాతా ఒకే జాతి మాటలు రావాలి. “హి నాట్ ఓన్లీ చెక్డ్ ద బిల్స్ బట్ ఆల్సో సైన్డ్ దెమ్”: అక్కడ క్రియ, ఇక్కడా క్రియ. “హి చెక్డ్ నాట్ ఓన్లీ ద బిల్స్ బట్ ఆల్సో సైన్డ్ దెమ్” అని రాస్తే ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు నేల మీద.

ఓన్లీ వాక్యం మొదటికి వచ్చి, కర్తను కాకుండా సమయాన్నో షరతునో పట్టుకుంటే, సహాయక క్రియ కర్త ముందుకు దూకుతుంది: “ఓన్లీ ఆఫ్టర్ ద ఆడిట్ డిడ్ దే పే.” ఆడిట్ అయ్యాకే డబ్బు కట్టారు. ఈ దూకడం మరిచిపోయి “ఓన్లీ ఆఫ్టర్ ద ఆడిట్ దే పెయిడ్” అని రాసే చేతులు చాలా ఉన్నాయి. కర్తనే పట్టుకున్నప్పుడు ఏదీ దూకదు: “ఓన్లీ రవి పెయిడ్.”

నిన్ననే, అతనే, అక్కడే

ఇప్పుడు చెప్పేది నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. మన భాషలోంచి వచ్చే పొరపాటు కాబట్టి మనం తప్ప ఇంకెవరూ మనకు చెప్పరు.

తెలుగులో మాట చివర చేరే ‘ఏ’ రెండు పనులు చేస్తుంది. “రెండే ఉన్నాయి” అన్నప్పుడు పరిమితి, రెండుకి మించి లేవు. “నిన్ననే పంపాను” అన్నప్పుడు చాలాసార్లు అది పరిమితి కాదు, నొక్కి చెప్పడం. ‘నువ్వు ఇవాళ అడుగుతున్నావు, నేను నిన్నటికే పంపేశాను’ అన్న భావం. ఈ రెండో ‘ఏ’ని కూడా మనం ఓన్లీగా మార్చేస్తాం: “ఐ సెంట్ ఇట్ యెస్టర్డే ఓన్లీ.” మన మధ్య మాట్లాడుకునేటప్పుడు ఇది ఇబ్బంది లేకుండా నడుస్తుంది. చదివే మనిషికి మన ‘ఏ’ తెలియకపోతే మాత్రం ‘నిన్నటి దాకా పంపలేదు’ అని చదువుకుంటాడు. త్వరగా పంపానని చెప్పబోయి ఆలస్యంగా పంపానని ఒప్పుకున్నట్టు అవుతుంది.

ఇలాంటి ‘ఏ’ కనబడితే నన్ను నేను ఒకటే అడుగుతాను: దీని వెనక ‘తప్ప ఇంకోటి కాదు’ అని ఉందా, ‘అవును, సరిగ్గా అదే’ అని ఉందా? ‘తప్ప’ ఉంటే ఓన్లీ. ‘సరిగ్గా అదే’ అయితే ఓన్లీ వద్దు. “నిన్ననే పంపాను”కి “ఐ హాడ్ ఆల్రెడీ సెంట్ ఇట్ యెస్టర్డే” లేదా ఉత్తి “ఐ సెంట్ ఇట్ యెస్టర్డే” చాలు. “వాళ్ళే సంతకం పెట్టారు”ని “దే ఓన్లీ హావ్ సైన్డ్ ఇట్” అని రాస్తే ‘సంతకమే పెట్టారు, ఇంకేమీ చేయలేదు’ అని చదువుతారు. “దే సైన్డ్ ఇట్ దెమ్‌సెల్వ్స్” అనండి, లేదా “ఇట్ వాజ్ దే హూ సైన్డ్ ఇట్” అనండి. “అక్కడే ఉంది”కి “ఇట్ ఈజ్ రైట్ దేర్”. “అందుకే రాలేదు”కి “దట్ ఈజ్ వై హి డిడ్ నాట్ కమ్”. చూశారా, నాలుగు ‘ఏ’లకి నాలుగు రకాల ఇంగ్లీష్, ఒక్కదానిలోనూ ఓన్లీ లేదు. మన ‘ఏ’ ఎంత పని చేస్తుందో ఇంగ్లీష్‌లోకి మార్చబోయినప్పుడే నాకు తెలిసింది.

ఆల్మోస్ట్, జస్ట్, ఆల్సో

“షి ఆల్మోస్ట్ డిలీటెడ్ ఆల్ ద ఫైల్స్.” “షి డిలీటెడ్ ఆల్మోస్ట్ ఆల్ ద ఫైల్స్.” మొదటిదాంట్లో తీసేయబోయి ఆగింది, ఫైళ్ళన్నీ క్షేమం. రెండోదాంట్లో ఏవో కొన్ని మిగిలాయి. ‘నియర్లీ’ కూడా ఇంతే. రిపోర్టులో ఈ రెండింటి మధ్య ఒక మనిషి ఉద్యోగం ఉండొచ్చు. ఆల్మోస్ట్‌ని క్రియ ముందు పెడితే ‘చేయబోయి చేయలేదు’ అని అర్థం వస్తుందా అని ప్రతిసారీ చూసుకోండి. ‘దాదాపు అన్నీ’ అనాలంటే అది ‘ఆల్’ ముందే ఉండాలి.

‘జస్ట్’కి అర్థాలు ఎక్కువ. “షి హాజ్ జస్ట్ సెంట్ ద సమ్మరీ” అంటే ఇప్పుడే పంపింది అని ముందు తోస్తుంది. “షి జస్ట్ సెంట్ ద సమ్మరీ” అంటే ఇప్పుడే పంపిందో, సారాంశం ఒక్కటే పంపిందో తేలదు. నా పద్ధతి: రాతలో ‘జస్ట్’ని ‘ఇప్పుడే’కి వదిలేస్తాను. ‘మాత్రమే’ అన్నచోట ఓన్లీ వాడతాను. అందరూ ఇలా చేయాలని లేదు, నాకు మాత్రం చాలా అనుమానాలు తగ్గాయి.

‘ఆల్సో’ మిగతావాటిలా ఉండదు, ఇది ఎడమవైపు కర్తను కూడా పట్టుకోగలదు. “రవి ఆల్సో సైన్డ్ ద లెటర్” అంటే రవి కూడా పెట్టాడనా, ఉత్తరం మీద కూడా పెట్టాడనా, సంతకం కూడా చేశాడనా? ముందు వాక్యమే దారి చూపించాలి. అక్కడ వేరే మనిషి పేరుంటే ‘రవి కూడా’ అని తెలిసిపోతుంది. ముందు వాక్యం సాయం చేయకపోతే “సో డిడ్ రవి” అని తిప్పి రాయడం శుభ్రం.

రెండు క్రియలు ‘అండ్’తో కలిసినప్పుడు కూడా ఒక చూపు వేయండి. “ద క్లర్క్ ఓన్లీ చెక్స్ ద ఫార్మ్ అండ్ సెండ్స్ ఇట్ టు ద మేనేజర్.” ఓన్లీ మొదటి క్రియతో ఆగిందా, రెండోదాన్నీ కలుపుకుందా? “ఓన్లీ చెక్స్ ద ఫార్మ్, ద మేనేజర్ అప్రూవ్స్ ఇట్” అని ఎవరు ఏం చేస్తారో విడదీసి రాస్తే గొడవ లేదు.

‘ఓన్లీ టు’ దగ్గర కామా కాపలా కాస్తుంది. “షి రిటర్న్డ్ ఓన్లీ టు కలెక్ట్ ద ఫైల్”: ఫైలు తీసుకోవడానికే వచ్చింది. “షి రిటర్న్డ్, ఓన్లీ టు ఫైండ్ ద రూమ్ లాక్డ్”: తీరా వచ్చి చూస్తే గదికి తాళం. మొదటిది ఉద్దేశం, రెండోది జరిగిపోయినది.

దిద్దే పద్ధతి

రాసేటప్పుడు వీటి గురించి టెన్షన్ పడకండి, కలం ఆగిపోతుంది. రాసేశాక వేరుగా ఒకసారి కూర్చోండి. ఫైలులో ‘ఓన్లీ’ని వెతికించండి, ఒక్కొక్కదాని దగ్గరా ఆగి తోక తగిలించండి. తర్వాత ‘జస్ట్’, ‘ఈవెన్’, ‘ఆల్మోస్ట్’, ‘నియర్లీ’, ‘ఆల్సో’. ముప్ఫై పేజీల రిపోర్టుకి నాకు ఇరవై నిమిషాలు పడుతుంది. అనుమానం ఉన్న వాక్యాన్ని రెండు వేరు వేరు ఒత్తులతో పైకి చదువుతాను. రెండూ నోట్లో సాఫీగా తిరిగితే ఆ వాక్యం తప్పక మార్చాల్సిందే. రచయిత ఉద్దేశం ఏదో నాకు తెలియకపోతే ఊహించను, అడుగుతాను.

మొన్న ఒక మాన్యువల్‌లో ఈ వాక్యం వచ్చింది: “ద వాల్వ్ షుడ్ ఓన్లీ బి ఓపెన్డ్ బై హ్యాండ్ వెన్ ద ప్రెజర్ ఫాల్స్ బిలో 2 బార్.” రెండు తోకలు అతికాయి. పీడనం తగ్గినప్పుడు చేత్తోనే తిప్పాలి, పనిముట్లు వాడొద్దు అని ఒకటి. పీడనం తగ్గేదాకా చేత్తో తిప్పొద్దు అని ఇంకొకటి. రాసిన ఇంజినీరుగారికి ఫోన్ చేశాను. “రెండోదే మేడమ్, ఇంకోలా ఎలా చదువుతారు?” అన్నారు. ఆయనకి ఆ వాల్వ్ పదేళ్ళుగా తెలుసు, అందుకని ఆయన చెవిలో ఒత్తు సరైన చోటే పడుతోంది. చేతిలో స్పానర్ పట్టుకుని మొదటిది చదువుకునే కొత్త కుర్రాణ్ణి ఒకసారి ఊహించుకోమన్నాను. అవతల కాసేపు మాటలేదు.

ఓన్లీని అటూ ఇటూ జరిపి చూశాం, ఎక్కడ పెట్టినా ఏదో ఒక మూల అనుమానం మిగిలింది. చివరికి దాన్ని తీసేసి ఇలా రాశాం: “డు నాట్ ఓపెన్ ద వాల్వ్ బై హ్యాండ్ అంటిల్ ద ప్రెజర్ ఫాల్స్ బిలో 2 బార్.” ఆయన దాన్ని ఫోన్‌లోనే రెండుసార్లు పైకి చదివి, ఆ పేజీలో ఇంకా నాలుగు ఓన్లీలు ఉన్నాయి, అవీ చూసేద్దాం అన్నారు.